డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్, ప్రింటర్, టీవీ: ఒకే ఇంట్లో ఉండి ఒకదాని మొహం ఒకటి చూసుకోవడం లేదు

రెండో గది:

అందరికీ నమస్కారం. వారం నుంచి దీంతో కుస్తీ పడుతున్నాను, ఇక నా వల్ల కాక ఇక్కడ అడుగుతున్నాను. కాస్త పొడుగు పోస్టు, ఓపిక పట్టండి.

ముందు గదిలో డెస్క్‌టాప్ ఉంది, విండోస్ 11 ప్రో. ఫొటోలు, పాత వీడియోలు, స్కాన్ చేసిన కాగితాలు అన్నీ దాని డి డ్రైవ్‌లోనే. ప్రింటర్ కూడా యూఎస్‌బీ వైరుతో దానికే తగిలించాను. టీవీ వెనక గదిలో ఉంటుంది. నా ల్యాప్‌టాప్ (ఇది కూడా 11 ప్రోనే) నేనెక్కడ కూర్చుంటే అక్కడ. నేను కోరేది పెద్దదేం కాదు: ల్యాప్‌టాప్‌లో కూర్చుని డెస్క్‌టాప్ ఫోల్డర్ తెరవాలి, అక్కడి నుంచే ప్రింట్ కొట్టాలి, రాత్రిపూట ఆ వీడియోలు టీవీలో చూడాలి. పెన్‌డ్రైవ్ పట్టుకుని రెండు గదుల మధ్య తిరిగి తిరిగి విసుగొచ్చింది.

విండోస్ 7లో హోమ్‌గ్రూప్ అని ఉండేది, ఒక పాస్‌వర్డ్ కొడితే అన్నీ కలిసిపోయేవి, ఇప్పుడు ఎంత వెతికినా అది కనపడదు. సరే అని ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి షేర్ చేశాను, నెట్‌వర్క్ డిస్కవరీ ఆన్ చేశాను, చూసిన ప్రతి వీడియోలో చెప్పినదల్లా చేశాను. విచిత్రం ఏంటంటే ఒక్కోసారి పనిచేస్తుంది! నిన్న పొద్దున ల్యాప్‌టాప్‌లో డెస్క్‌టాప్ పేరు కనిపించింది, ఎగిరి గంతేశాను. రాత్రికి మళ్లీ మాయం. టీవీలో అయితే ఒక్కసారి కూడా రాలేదు. ఇంటర్నెట్ అన్నిట్లో బాగానే వస్తోంది కాబట్టి నెట్‌వర్క్ తప్పు కాదనుకుంటున్నాను. ఇంకేం చూడాలో చెప్పండి.

షార్ట్‌కట్:

బ్రదర్, దీనికింత టెన్షన్ దేనికి. విండోస్ ఫీచర్స్‌లోకి వెళ్లి ఎస్ఎంబీ1కి టిక్ పెట్టు, పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆఫ్ చెయ్, ఫైర్‌వాల్ కూడా ఆఫ్ చేసి రీస్టార్ట్ కొట్టు. ఐదు నిమిషాల పని. నేను ఎప్పుడూ ఇలాగే చేస్తా, ఇంతవరకు ఏమీ కాలేదు.

కేబుల్ పిచ్చోడు:

రెండో గది గారూ, పై మూడిట్లో ఒక్కటి కూడా చేయకండి. ఎస్ఎంబీ అంటే విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు పంచుకోవడానికి మాట్లాడుకునే భాష, అందులో 1 అన్నది మరీ పాతకాలపుది. 2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది ఆ ఎస్ఎంబీ1లో ఉన్న కన్నంలోంచే. అదే ఏడాది వచ్చిన విండోస్ 10 1709 వెర్షన్ నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసినప్పుడు దాన్ని పెట్టడం మానేశారు. వాళ్లు తీసేసినదాన్ని మనం ఏరికోరి తెచ్చుకోవడం ఎందుకు? పైగా మీ రెండు మెషీన్లూ విండోస్ 11 అంటున్నారు, వాటికి ఎస్ఎంబీ1 అవసరమే లేదు, పెట్టినా మీ సమస్య తీరదు.

హోమ్‌గ్రూప్ కోసం వెతకడం కూడా ఆపేయండి, 2018లో విండోస్ 10 1803 వెర్షన్‌తో దాన్ని తీసేశారు.

నాకు అసలు అనుమానం మీ "ఒక్కోసారి పనిచేస్తుంది" అన్న మాట మీద. సెట్టింగ్ తప్పయితే ఎప్పుడూ పనిచేయకూడదు. పొద్దున పనిచేసి రాత్రి మానేస్తోందంటే మధ్యలో ఏదో మారుతోంది, మీ పోస్టులో మారేది ఒక్కటే, ల్యాప్‌టాప్ కూర్చునే చోటు. ఇంట్లో రౌటర్లు ఎన్ని ఉన్నాయి? కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) కొట్టి, ఐపీవీ4 అడ్రస్ అన్న చోట ఏముందో చూడండి. డెస్క్‌టాప్‌లో ఒకసారి, ల్యాప్‌టాప్‌లో ముందు గదిలో ఒకసారి, వెనక గదిలో ఒకసారి.

రెండో గది:

మీరు జ్యోతిష్యం ఏమైనా చెప్తారా సార్? రౌటర్లు రెండున్నాయి. ఇంటర్నెట్ కనెక్షన్‌తో పాటు ఇచ్చిన డబ్బా ముందు గదిలో ఉంది. వెనక గదికి సిగ్నల్ అందక, ఊరికే పడున్న పాత రౌటర్ ఒకటి అక్కడ పెట్టి, మొదటి డబ్బా నుంచి కేబుల్ లాగి దాని నీలం పోర్టులో గుచ్చాను. రెండింటికీ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డ్ ఇచ్చాను, అటూ ఇటూ తిరిగినప్పుడు మార్చుకునే పని లేకుండా.

డెస్క్‌టాప్: 192.168.1.10
ల్యాప్‌టాప్ ముందు గదిలో: 192.168.1.14
ల్యాప్‌టాప్ వెనక గదిలో: 192.168.0.101

మూడోది తేడాగా ఉందని ఇప్పుడు నాకూ అర్థమైంది కానీ ఎందుకో అర్థం కాలేదు.

కేబుల్ పిచ్చోడు:

అదే మరి. ఆ నీలం పోర్టు వ్యాన్ పోర్టు, అంటే "బయటి ప్రపంచం ఇటు ఉంది" అని రౌటర్ అనుకునే వైపు. అందులో కేబుల్ గుచ్చగానే మీ పాత రౌటర్ తన వెనక సొంతంగా ఒక నెట్‌వర్క్ కట్టుకుంది, 192.168.0 అని. మొదటి డబ్బాది 192.168.1. వైఫై పేరు ఒకటే కాబట్టి మీకు ఒకే ఇల్లులా కనిపిస్తోంది కానీ లోపల ప్రహరీ గోడ ఉంది. ఇంటర్నెట్ రెండు వైపులా వస్తుంది, అందుకే నెట్‌వర్క్ బాగుందనుకున్నారు.

కంప్యూటర్లు ఒకదాన్నొకటి కనిపెట్టేది కేకలు వేసుకుని. "నేనిక్కడున్నాను, నా దగ్గర ఫోల్డర్ ఉంది" అని ఒకటి అరుస్తుంది, మిగతావి వింటాయి. ఆ కేక తన నెట్‌వర్క్ దాటి పోదు, రౌటర్ దగ్గరే ఆగిపోతుంది. టీవీ పూర్తిగా ఈ కేకల మీదే ఆధారపడుతుంది, అది గోడకి అటు ఉంది కాబట్టి ఎప్పటికీ వినపడదు. ల్యాప్‌టాప్ ముందు గదిలో ఉన్నప్పుడు డెస్క్‌టాప్ పక్కనే ఉన్నట్టు, వెనక్కి వెళ్తే గోడ అవతల ఉన్నట్టు. ఇందులో ఇంకో తమాషా ఉంది. వెనక గదిలో కూర్చుని ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లో \\192.168.1.10 అని నేరుగా కొడితే బహుశా తెరుచుకుంటుంది, ఎందుకంటే లోపలి రౌటర్‌కి అది "బయట" ఉన్న అడ్రసే, ఇంటర్నెట్‌కి పంపినట్టే పంపుతుంది. డెస్క్‌టాప్ నుంచి ల్యాప్‌టాప్‌కి మాత్రం రాలేరు. ఇది చూసి చాలామంది ఏ సెట్టింగో పోయిందనుకుని ఉన్నవన్నీ కెలుకుతారు.

మందు: రెండో రౌటర్‌ని రౌటర్‌లా కాకుండా ఉత్త యాక్సెస్ పాయింట్‌లా, అంటే సొంత నెట్‌వర్క్ కట్టకుండా మొదటి డబ్బా నెట్‌వర్క్‌నే వైఫైగా పంచే డబ్బాలా వాడండి. దాని సెట్టింగ్స్ పేజీలో ఏపీ మోడ్ లేదా యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఉంటే అది ఎంచుకుంటే చాలు. పాతది అన్నారు కాబట్టి లేకపోతే చేత్తో చేయాలి, వరస మాత్రం తప్పొద్దు. ముందు దాని ల్యాన్ (ఇంటి వైపు) అడ్రస్ 192.168.1.2 చేయండి (ఆ నంబర్ మొదటి డబ్బా పంచే అడ్రసుల వరసలో లేకుండా చూసుకోండి, లేకపోతే ఏదో రోజు ఫోన్‌కి అదే నంబర్ ఇచ్చి కూర్చుంటుంది). తర్వాత దాని డీహెచ్‌సీపీ (మిగతావాటికి అడ్రసులు పంచే పని) ఆఫ్. ఆఖర్న నీలం పోర్టులోంచి కేబుల్ తీసి మామూలు ల్యాన్ పోర్టులో గుచ్చండి. డీహెచ్‌సీపీ ముందే ఆఫ్ చేస్తే ల్యాప్‌టాప్‌కి అడ్రస్ రాక, రౌటర్ పేజీ తెరుచుకోక, రీసెట్ కొట్టి మళ్లీ మొదటికి రావాలి. నేను వచ్చాను, అందుకే చెప్తున్నా.

అన్నట్టు ఇంట్లో ఎవరైనా గెస్ట్ వైఫైలో ఉంటే ఇదే గోడ, కాకపోతే అది కావాలని కట్టినది. దాన్ని కదపకండి.

రెండో గది:

అయిపోయింది! ఏపీ మోడ్ లేదు, చేత్తోనే చేశాను, గంట పట్టింది. ఇప్పుడు ఎక్కడ కూర్చున్నా 192.168.1 తోనే మొదలవుతోంది, డెస్క్‌టాప్ పేరు కూడా కనిపిస్తోంది. కానీ దాని మీద క్లిక్ చేస్తే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోంది. నేను రోజూ కొట్టే పిన్ కొట్టాను, తప్పంటోంది. పదిసార్లు కొట్టాను. అదే పిన్‌తో డెస్క్‌టాప్ ముందు కూర్చుంటే హాయిగా తెరుచుకుంటోంది.

షార్ట్‌కట్:

ఇందుకే పాస్‌వర్డ్ షేరింగ్ ఆఫ్ చేయమన్నా 🙂

కేబుల్ పిచ్చోడు:

ఆఫ్ చేసినా ఆయనకి పనిచేయదు బ్రదర్. పాస్‌వర్డ్ తీసేస్తే వచ్చినవాళ్లని గెస్ట్‌గా రానిస్తారు, విండోస్ 11 24హెచ్2 వెర్షన్ ప్రోలో ఆ గెస్ట్ దారి మూసేసి వస్తుంది, పైగా నెట్‌వర్క్ మీద వచ్చే ప్రతి మాటకీ డిజిటల్ సంతకం ఉండాలంటుంది, గెస్ట్‌కి సంతకం ఉండదు. నువ్వు పాత వెర్షన్లలో చేసుంటావు.

రెండో గది గారూ, పిన్ అన్నది ఆ ఒక్క కంప్యూటర్ ముందు కూర్చుని తెరవడానికే, నెట్‌వర్క్ మీద చెల్లదు. అకౌంట్ అసలు పాస్‌వర్డ్ కావాలి, పిన్ అలవాటయ్యాక అది ఎవరికీ గుర్తుండదు. నా పద్ధతి ఏంటంటే డెస్క్‌టాప్‌లో షేరింగ్ కోసమే వేరే యూజర్‌ని తయారు చేయడం. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అదర్ యూజర్స్, యాడ్ అకౌంట్. అక్కడ మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా చేర్చే దారి చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది పట్టుకోండి. పాస్‌వర్డ్ తప్పకుండా పెట్టండి, ఖాళీ పాస్‌వర్డ్ ఉన్న యూజర్‌ని విండోస్ నెట్‌వర్క్ నుంచి లోపలికి రానివ్వదు. ల్యాప్‌టాప్‌లో అడిగినప్పుడు డెస్క్‌టాప్ పేరు, బ్యాక్‌స్లాష్, ఈ యూజర్ పేరు కొట్టండి. ఉత్త పేరు కొడితే ఒక్కోసారి ల్యాప్‌టాప్ తన సొంత యూజర్ అనుకుని తప్పంటుంది. అప్పటికీ రాకపోతే క్రెడెన్షియల్ మేనేజర్ (విండోస్ పాస్‌వర్డ్‌లు దాచుకునే చోటు) తెరిచి, మీరు పదిసార్లు కొట్టిన చెత్త అందులో సేవ్ అయి ఉంటే తీసేయండి.

ఇక ఫోల్డర్. డెస్క్‌టాప్ స్క్రీన్ మీదో డాక్యుమెంట్స్‌లోనో ఉన్న ఫోల్డర్‌ని రైట్ క్లిక్‌తో షేర్ చేస్తే విండోస్ యూజర్స్ ఫోల్డర్ మొత్తాన్ని షేర్‌గా పెడుతుంది, దారి అంతా అనవసరంగా బయటికి కనిపిస్తుంది. మీవి డి డ్రైవ్‌లో ఉన్నాయి కాబట్టి బతికిపోయారు. ప్రాపర్టీస్, షేరింగ్, అడ్వాన్స్‌డ్ షేరింగ్‌లోంచి చేయండి. పర్మిషన్లు రెండు చోట్ల ఉంటాయి, షేరింగ్ ట్యాబ్‌లో ఒకటి, సెక్యూరిటీ ట్యాబ్‌లో ఒకటి. రెండిట్లో ఏది గట్టిగా ఉంటే అదే చెల్లుతుంది. ఒక చోట అన్నీ ఇచ్చి రెండో చోట మర్చిపోతే "యాక్సెస్ డినైడ్" అని వస్తుంది, చాలామంది పోస్టులన్నీ దీని గురించే. ఫొటోలకి కొత్త యూజర్‌కి చదివే హక్కు మాత్రమే ఇవ్వండి. ల్యాప్‌టాప్‌కి ఏదైనా వైరస్ పడితే రాసే హక్కున్న ప్రతి షేర్ ఫోల్డర్‌నీ అది పాడు చేయగలదు. ఫైళ్లు పడేయడానికి విడిగా ఒక ఫోల్డర్ పెట్టుకుని దానికి రాసే హక్కు ఇచ్చుకోండి.

ఇంకా రెండు. రెండు మెషీన్లలోనూ ఈ నెట్‌వర్క్ పబ్లిక్ కాకుండా ప్రైవేట్ అని ఉందో లేదో చూడండి, రౌటర్ మార్చాక కొత్త నెట్‌వర్క్ అనుకుని పబ్లిక్‌లో పెట్టి ఉండొచ్చు. అలాగే మొదటి డబ్బా పేజీలో డెస్క్‌టాప్‌కి 192.168.1.10 శాశ్వతంగా రిజర్వ్ చేసేయండి. పేరు ఎప్పుడైనా కనపడకుండా పోయినా నంబర్‌తో వెళ్లొచ్చు. నేనైతే పేర్ల జాబితా చూడటమే మానేశాను, ఆ అడ్రస్‌ని డ్రైవ్ లెటర్‌గా మ్యాప్ చేసుకుని వాడతా.

ప్రింటర్ బాధితురాలు:

ఫైళ్ల సంగతి అన్నయ్య చెప్పేశారు, ప్రింటర్ నాకు వదిలేయండి, ఈ యూజర్ నేమ్ ఊరికే పెట్టుకోలేదు.

మొదటి ప్రశ్న: మీ ప్రింటర్‌కి వైఫై ఉందా? ఉంటే డెస్క్‌టాప్ నుంచి షేర్ చేసే తతంగమే వద్దు, ప్రింటర్‌నే నేరుగా వైఫైకి కలిపేయండి. డెస్క్‌టాప్ ఆఫ్‌లో ఉన్నా ప్రింట్ వస్తుంది, ఫోన్ల నుంచి కూడా వస్తుంది. చాలా ప్రింటర్లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే పట్టుకుంటాయి, 5 పేరు విడిగా ఉంటే అది వాటి జాబితాలో కనపడదు, కంగారు పడకండి. అలా కలిపాక కంప్యూటర్ తనంతట తాను చేర్చుకుంటే డబ్ల్యూఎస్‌డీ అనే పోర్ట్ పెట్టుకుంటుంది. నాకు అది నాలుగు రోజులకోసారి "ఆఫ్‌లైన్" అని మొండికేసేది. ప్రింటర్‌కి అడ్రస్ రిజర్వ్ చేసి, ప్రాపర్టీస్‌లో పోర్ట్స్‌కి వెళ్లి స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్ ఆ అడ్రస్‌తో పెట్టాక ఆ గొడవ పోయింది.

వైఫై లేకపోతే షేరింగే గతి. షేర్ పేరు చిన్నదిగా, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టండి. ల్యాప్‌టాప్ నుంచి కనెక్ట్ అవుతుంటే చివర్లో 11బి అని ఉండే ఎర్రర్ రావచ్చు. 2021లో విండోస్‌లో ప్రింట్ పనులు చూసే ప్రింట్ స్పూలర్‌లో వరసగా కన్నాలు బయటపడ్డాయి, జూలైలో వచ్చిన ప్రింట్‌నైట్‌మేర్ పేరు వినే ఉంటారు. వాటిని పూడుస్తూ వచ్చిన అప్‌డేట్లలో సెప్టెంబరు నాటి దానితో ఈ ఎర్రర్ మొదలైంది. విండోస్ తన సెట్టింగ్‌లు దాచుకునే రిజిస్ట్రీలో ఒక విలువ సున్నా చేస్తే పోతుందని ఎక్కడ చూసినా రాస్తారు. పోతుంది నిజమే, పూడ్చిన కన్నం కూడా మళ్లీ తెరుచుకుంటుంది. ముందు రెండు కంప్యూటర్లకీ అప్‌డేట్లన్నీ వేయండి. అయినా మొరాయిస్తే ల్యాప్‌టాప్‌లో అదే ప్రింటర్ డ్రైవర్ ముందే ఇన్‌స్టాల్ చేసి, యాడ్ ప్రింటర్‌లో "లోకల్ ప్రింటర్" ఎంచుకుని, కొత్త లోకల్ పోర్ట్ తయారు చేసి, పోర్ట్ పేరు దగ్గర \\192.168.1.10\ తర్వాత షేర్ పేరు కొట్టండి. డ్రైవర్ డెస్క్‌టాప్ నుంచి లాక్కునే పని ఉండదు కాబట్టి గొడవ తక్కువ. నాకు రెండు ఇళ్లలో ఇదే పనిచేసింది.

డెస్క్‌టాప్ నిద్రపోతే ప్రింటర్ కూడా నిద్రపోయినట్టే. పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్ టైం పెంచుకోండి.

పెంగ్విన్ 64:

టీవీ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను. (పాత ల్యాప్‌టాప్ ఒకటి ఉంటే లినక్స్, దాని మీద ఫైళ్లు పంచే సాంబా వేసి మూల పెట్టుకోమని చెప్పాలని నాలుక పీకుతోంది కానీ ఆపుకుంటున్నా.)

సులువైనది డీఎల్ఎన్ఏ, అంటే ఇంటి నెట్‌వర్క్ మీద వీడియోలు, ఫొటోలు టీవీకి పంపే పద్ధతి. చాలా టీవీల్లో ముందే ఉంటుంది, విండోస్‌లోనూ ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో మీడియా స్ట్రీమింగ్ ఆప్షన్స్ వెతికి ఆన్ చేసి, వీడియోల ఫోల్డర్‌ని వీడియోస్ లైబ్రరీలో చేర్చండి. గోడ పగలగొట్టారు కాబట్టి ఇప్పుడు టీవీ సోర్స్ జాబితాలో డెస్క్‌టాప్ పేరు రావాలి. ఒక సంగతి గుర్తుంచుకోండి, డీఎల్ఎన్ఏలో పాస్‌వర్డ్ అంటూ ఉండదు. ఇంటికొచ్చి మామూలు వైఫైలో చేరినవాళ్ల ఫోన్‌లో కూడా మీ వీడియోల జాబితా కనిపించొచ్చు. ఫ్యామిలీ ఫొటోలు అందులో పెట్టే ముందు ఆలోచించుకోండి, చుట్టాలకి గెస్ట్ వైఫై ఇవ్వండి.

డీఎల్ఎన్ఏతో పేచీ ఏంటంటే డెస్క్‌టాప్ ఫైల్‌ని దాదాపు ఉన్నదున్నట్టు పంపుతుంది, ఆడించడం టీవీ పని. ఎంకేవీ ఫైల్ తెరుచుకుని బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే అందులో ఆడియో డీటీఎస్ అనే రకం అయి ఉండొచ్చు, కొన్ని టీవీలు దాన్ని తీసుకోవు. అప్పుడు జెల్లీఫిన్ అనే మీడియా సర్వర్ ప్రోగ్రామ్ వేసుకోండి, ఉచితం, 2018లో ఎంబీ అనే అలాంటిదే ఇంకో ప్రోగ్రామ్ నుంచి విడిపోయి వచ్చింది. డెస్క్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేశాక బ్రౌజర్‌లో 192.168.1.10:8096 కొడితే తెరుచుకుంటుంది. టీవీలో దాని యాప్ ఉంటే సరి, లేకపోతే టీవీ బ్రౌజర్. టీవీకి చేతకాని ఫైల్‌ని అది అప్పటికప్పుడు మార్చి పంపుతుంది. ఒక్క శబ్దం మారిస్తే ప్రాసెసర్‌కి పెద్ద కష్టం లేదు, బొమ్మ కూడా మార్చాల్సి వస్తే ఫ్యాన్ మోత మొదలవుతుంది. బ్లూరే నుంచి తీసిన ఫైళ్లలో సబ్‌టైటిల్స్ అక్షరాలుగా కాకుండా బొమ్మలుగా ఉంటాయి, వాటిని ఆన్ చేస్తే చాలాసార్లు బొమ్మంతా మళ్లీ తయారు చేయాల్సి వస్తుంది. వీడియో ఉన్నట్టుండి ఆగి ఆగి వస్తే ముందు సబ్‌టైటిల్ ఆపి చూడండి. తెలుగు సబ్‌టైటిల్ ఫైల్ అయితే నోట్‌ప్యాడ్‌లో తెరిచి యూటీఎఫ్-8లో సేవ్ చేయండి, లేకపోతే పిచ్చి గుర్తులు వస్తాయి. గుర్తులకి బదులు డబ్బాలు వస్తే అది టీవీలో తెలుగు ఫాంట్ లేకపోవడం, దానికి ఫైల్‌తో పని లేదు.

షార్ట్‌కట్:

సరే ఒప్పుకుంటున్నా, కానీ నా టీవీ బాక్స్ పాతది, అది ఎస్ఎంబీ1 తప్ప మాట్లాడదు. అందుకే ఆన్ చేసి ఉంచా. మరి నేనేం చేయాలి?

పెంగ్విన్ 64:

దానికి ఫోల్డర్ షేర్ ఇవ్వడం మానేసి డీఎల్ఎన్ఏ ఇవ్వు. ఆ బాక్స్‌కి సినిమా ఆడించడమే కదా పని, ఫైళ్లు రాసే పని లేదుగా. ఒక్క బాక్స్ కోసం ఇంట్లో కంప్యూటర్‌ని 30 ఏళ్ల వెనక్కి తీసుకెళ్లక్కర్లేదు. ఫైర్‌వాల్ కూడా ఇవాళే ఆన్ చెయ్ తమ్ముడూ.

రెండో గది:

మూడు రోజుల తర్వాత వచ్చాను. ఫోల్డర్లు వస్తున్నాయి, కొత్త యూజర్‌తో మొదటిసారే తెరుచుకుంది. ప్రింటర్‌కి వైఫై లేదు, మామూలుగా కలపబోతే అక్కగారు చెప్పిన 11బి వచ్చింది, అప్‌డేట్లు వేసినా పోలేదు, లోకల్ పోర్ట్ దారిలో వెళ్తే మొదటి పేజీ బయటికొచ్చింది. టీవీలో డీఎల్ఎన్ఏ కూడా వచ్చింది, రెండు సినిమాలకి శబ్దం లేదు, అవి జెల్లీఫిన్‌లో చూశాం.

ఒకటే మిగిలింది. డెస్క్‌టాప్ నుంచి ల్యాప్‌టాప్‌కి పెద్ద ఫైల్ కాపీ చేస్తే సెకనుకి 11 మెగాబైట్లు దాటడం లేదు, వైఫై అనుకుని ల్యాప్‌టాప్‌ని కూడా మొదటి డబ్బాకి కేబుల్‌తో తగిలించాను, అయినా అంతే. రెండు మెషీన్లలోనూ గిగాబిట్ పోర్టులే ఉన్నాయి.

కేబుల్ పిచ్చోడు:

ఇది నా పేరు మీద వచ్చిన ప్రశ్న! 11 అంటే సరిగ్గా 100 మెగాబిట్ల లింక్ ఇచ్చే వేగం, గిగాబిట్ అయితే 110 దాకా రావాలి. కేబుల్‌లో ఎనిమిది తీగలుంటాయి, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి, 100కి నాలుగు చాలు. మిగతా నాలుగిట్లో ఒక్కటి తెగినా లింక్ 100కి పడిపోతుంది, పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి అనుమానం రాదు. రెండు మెషీన్లలోనూ ఈథర్నెట్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ చూడండి. ఏదైనా 100 అని ఉంటే ముందు ఆ కేబుల్ మార్చండి, కొత్త కేబుల్‌తో కూడా అంతే ఉంటే డబ్బా పోర్టులే 100వి అయి ఉండొచ్చు. రెండూ 1000 అని ఉంటే మళ్లీ వచ్చి చెప్పండి, అప్పుడు హార్డ్ డిస్క్ వైపు చూద్దాం.

రెండో గది:

డెస్క్‌టాప్ వైపు 100 అని ఉంది. కేబుల్ తలుపు కింద నుంచి పోతోంది, చూస్తే ఒకచోట నలిగి ఉంది. రేపు మారుస్తాను.